ఓటు వేసేవాడు, ఓటు అడిగేవాడు

2023 నవంబరు 30, గురువారం. అసెంబ్లీ పోలింగు. సెలవైతే తీసుకుంటారు గానీ ఓటు మాత్రం వెయ్యరు అని టీవీ వాళ్ళు ప్రతిసారీ మన సాఫ్ట్‌వేర్ వాళ్ళని తిట్టిపోస్తారు కదా, ఆ మాట నేను పడటమెందుకని తెల్లారగట్లే ఉప్పల్‌లో బస్సెక్కి హనుమకొండ పోయి ఓటేశాను. పని పదింటికల్లా అయిపోయింది. ఎలాగూ వచ్చాను కదా అని మధ్యాహ్నం మా చిన్నాయన వాళ్ళ ఊరికి వెళ్ళాను.

మా చిన్నాయన 2001 నుంచీ గులాబీ కండువా మనిషి. పదవులేమీ లేవు, అడిగిందీ లేదు. నాకు తెలిసి ప్రతి ఎన్నికకీ బడి గోడ పక్కన బల్ల వేసుకుని, ఓటరు స్లిప్పులు ముందేసుకుని, పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉండేవాడు. సకల జనుల సమ్మెప్పుడు రోడ్డు మీద వంటావార్పులో గంటె పట్టింది కూడా ఆయనే. ఆ రోజు మాత్రం ఇంటి ముందు మంచం మీద కూర్చుని పత్తి సంచులకి కుట్లేస్తున్నాడు.

"అదేంది చిన్నాయనా, బూతు కాడ లేవు?" అన్నాను.

"ఓటు ఏసొచ్చిన బిడ్డా. మనదానికే ఏసిన. గని ఈసారి ఓటు అడగలే."

"ఎందుకు?"

"అడగాల్నంటే ఒక మాట ఉండాలె గదా. ఏం జెప్పి అడగాలె?"

అంతే. మళ్ళీ పత్తి రేటు గురించి మాట్లాడుకున్నాం. మూడు రోజుల తరవాత ఫలితాలొచ్చాయి. బీఆర్ఎస్ ఓడిపోయింది. టీవీలో విశ్లేషకులు వంద కారణాలు చెప్పారు. నాకు మాత్రం ఆయన మాటే బుర్రలో తిరుగుతూ ఉండిపోయింది. ఓటు వేసేవాడు, ఓటు అడిగేవాడు. ఈ ఇద్దరూ వేరు అని అప్పటిదాకా నాకు తట్టలేదు.

ముందే చెప్పేస్తాను, నేను ఏ పార్టీ మనిషినీ కాను, రాజకీయ విశ్లేషకుణ్ణి అంతకన్నా కాను. సిస్టమ్ పడిపోతే లాగ్ తెరిచి ఎక్కడ మొదలైందో వెతకడం నా ఉద్యోగం. అదే పద్ధతిలో మా వరంగల్ లాగ్ ఒకసారి తెరిచి చూశాను.

నాలుగు ఎన్నికలు, ఒకే స్థానం

వరంగల్ పార్లమెంటు స్థానంలో ఈ పార్టీకి వచ్చిన ఓట్లు చూడండి. (2022 అక్టోబరు 5న, దసరా నాడు, తెరాస బీఆర్ఎస్ అయింది. కాబట్టి అంతకు ముందు సంగతికి తెరాస అనే అంటాను.)

2014: కడియం శ్రీహరి, 6,61,639 ఓట్లు. మెజారిటీ 3,92,574.
2015 ఉపఎన్నిక: పసునూరి దయాకర్, 6,15,403 ఓట్లు. మెజారిటీ 4,59,092.
2019: మళ్ళీ పసునూరి దయాకర్, 6,12,498 ఓట్లు. మెజారిటీ 3,50,298.
2024: మారేపల్లి సుధీర్ కుమార్, 2,32,033 ఓట్లు. మూడో స్థానం.

ఐదేళ్ళలో 3 లక్షల 80 వేల ఓట్లు ఎటో పోయాయి. ఇంకో సంగతి. 2015 ఉపఎన్నికలో కాంగ్రెస్‌కి డిపాజిట్ కూడా దక్కలేదు. వచ్చినవి 1,56,311 ఓట్లు. అదే కాంగ్రెస్ 2024లో అదే చోట 2,20,339 మెజారిటీతో గెలిచింది. అంటే మా వరంగల్‌లో పార్టీలు పడిపోతాయి, లేస్తాయి కూడా.

ఇప్పుడు 2024లో పోటీ చేసిన ముగ్గురు ప్రధాన అభ్యర్థుల్ని చూడండి. కాంగ్రెస్ నుంచి గెలిచిన కడియం కావ్యకి మొదట టికెట్ ప్రకటించింది బీఆర్ఎస్సే. పోలింగుకి నెలన్నర ముందు తండ్రితో కలిసి ఆమె కాంగ్రెస్‌లోకి వెళ్ళిపోయారు. రెండో స్థానంలో నిలిచిన భాజపా అభ్యర్థి అరూరి రమేష్ వర్ధన్నపేటలో రెండుసార్లు తెరాస ఎమ్మెల్యే. మూడో ఆయన బీఆర్ఎస్ అభ్యర్థి. ముగ్గురూ ఒక ఇంట్లోంచి వచ్చినవాళ్ళే! నాయకులు బోలెడంతమంది తయారయ్యారు గానీ, పార్టీకి మాత్రం ఓటు మిగల్లేదు.

వరంగల్ ఓటు ఎవరి సొత్తూ కాదు

ఇది కొత్త సంగతేమీ కాదు. 1952లో మొట్టమొదటి పార్లమెంటు ఎన్నికలో వరంగల్ గెలిపించింది కాంగ్రెస్‌ని కాదు, కమ్యూనిస్టుల పీడీఎఫ్ తరఫున నిలబడ్డ పెండ్యాల రాఘవరావుని. 1971లో దేశమంతా ఇందిరాగాంధీ గాలి వీస్తుంటే, తెలంగాణలో 14 స్థానాలకి 10 తెలంగాణ ప్రజాసమితి గెలిచింది. వరంగల్ కూడా అందులో ఒకటి. అదే ఏడాది ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. తరవాత ముప్పై ఏళ్ళ దాకా ఆ ఓటుకి సొంత ఇల్లు లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ కావాలి.

1984 సంగతి చాలామందికి తెలుసు. ఇందిర హత్య తరవాత కాంగ్రెస్‌కి నాలుగువందల పైచిలుకు స్థానాలొచ్చిన ఎన్నిక అది. దేశం మొత్తం మీద భాజపాకి వచ్చినవి రెండే. అందులో ఒకటి మన హనుమకొండ. ఓడింది ఎవరు? కేంద్రంలో హోంమంత్రిగా ఉన్న పీవీ నరసింహారావు, పుట్టింది కూడా ఈ జిల్లాలోనే. గెలిచింది చందుపట్ల జంగారెడ్డి. పీవీ గారు మహారాష్ట్రలో రాంటెక్ నుంచి కూడా పోటీ చేశారు కాబట్టి పార్లమెంటుకి వెళ్ళగలిగారు.

మరి హనుమకొండలో అంత భాజపా ఉందా? లేదు. ఆ ఏడాది ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని కూలదోశారన్న కోపం ఇంకా చల్లారలేదు. తెదేపా మద్దతు జంగారెడ్డికి ఉంది. పక్కనే వరంగల్ స్థానంలో అదే కోపంతో తెదేపా అభ్యర్థి కల్పనాదేవి గెలిచారు. 1989కల్లా హనుమకొండని కాంగ్రెస్ తిరిగి తీసుకుంది, కమాలుద్దీన్ అహ్మద్ గెలిచారు. భాజపాకి వచ్చింది ఆ రోజు కోపం తెచ్చిపెట్టిన ఓటు. కోపం తగ్గాక ఆ ఓటుని పట్టి ఉంచే మనుషులు ఊళ్ళల్లో లేరు.

దీన్ని నేను అరువు ఓటు అంటాను. ప్రతి పార్టీకీ గెలిచినప్పుడు కొంత సొంత ఓటు, కొంత అరువు ఓటు ఉంటాయి. చిక్కేమిటంటే లెక్కపెట్టేటప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఈవీఎంలో అప్పుకి వేరే కాలమ్ ఉండదు కదా!

ఆరుగురి కథ

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఉమ్మడి వరంగల్ జిల్లాలో 12 అసెంబ్లీ స్థానాలు. 2014లో తెరాస 8 గెలిచింది. మిగతా నాలుగు: పాలకుర్తిలో ఎర్రబెల్లి దయాకర్ రావు (తెదేపా), పరకాలలో చల్లా ధర్మారెడ్డి (తెదేపా), డోర్నకల్‌లో రెడ్యానాయక్ (కాంగ్రెస్), నర్సంపేటలో దొంతి మాధవరెడ్డి (ఇండిపెండెంటు). 2018లో తెరాస 10 గెలిచింది. మిగతా రెండూ కాంగ్రెస్‌వి: భూపాలపల్లిలో గండ్ర వెంకటరమణారెడ్డి, ములుగులో సీతక్క.

అంటే తెరాస హవా నడిచిన రెండు ఎన్నికల్లో ఆ హవాకి ఎదురు నిలిచి గెలిచినవాళ్ళు మొత్తం ఆరుగురు. వీళ్ళలో నలుగురు తరవాత తెరాసలోకి వచ్చేశారు: ఎర్రబెల్లి, చల్లా, రెడ్యానాయక్, గండ్ర. ఇద్దరు రాలేదు: దొంతి, సీతక్క.

2023లో ఏమైంది? వచ్చిన నలుగురూ ఓడిపోయారు. రాని ఇద్దరూ గెలిచారు.

మొదటిసారి ఈ లెక్క వేసుకున్నప్పుడు నేనే నమ్మలేక రెండుసార్లు సరిచూసుకున్నాను. జిల్లా మొత్తం ఫలితం కూడా అద్దంలో బొమ్మలా తిరగబడింది. 2018లో తెరాస 10, కాంగ్రెస్ 2. 2023లో కాంగ్రెస్ 10, బీఆర్ఎస్ 2.

ఇందులో న్యాయంగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. వచ్చినవాళ్ళలో ముగ్గురు 2018లో తెరాస టికెట్ మీద గెలిచారు. కాబట్టి తీసుకున్న రోజున అది తెలివైన పనిలాగే కనిపించింది. 2023లో ఓడినవాళ్ళు వలస వచ్చినవాళ్ళొక్కరే కూడా కాదు. వరంగల్ పశ్చిమలో దాస్యం వినయ్ భాస్కర్, నర్సంపేటలో పెద్ది సుదర్శన్ రెడ్డి ఉద్యమం నాటి నుంచీ ఉన్నవాళ్ళే, వాళ్ళూ ఓడిపోయారు. ఆరుగురి మీద సిద్ధాంతం కట్టేస్తే మా ఆఫీసులో డేటా సైన్స్ వాళ్ళు నన్ను లంచ్ టేబుల్ దగ్గర కూర్చోనివ్వరు :)

కానీ ఈ ఆరుగురి కథ ఒక మెకానిజం చూపిస్తుంది. పరకాల తీసుకోండి. 2012 జూన్‌లో అక్కడ ఉపఎన్నిక జరిగింది. తెరాస అభ్యర్థి మొలుగూరి భిక్షపతి కేవలం 1,562 ఓట్లతో కొండా సురేఖ మీద గెలిచారు. ఆ 1,562 ఓట్లు ఎలా వచ్చాయో పరకాల ఊళ్ళల్లో తిరిగిన ప్రతి కార్యకర్తకీ తెలుసు, ఇంటింటికీ పోయి అడిగి తెచ్చినవి. రెండేళ్ళు తిరక్కుండా 2014లో కొండా సురేఖే తెరాస టికెట్ మీద వరంగల్ తూర్పులో గెలిచారు. పరకాలలో తెరాస మీద గెలిచిన చల్లా తరవాత తెరాస అయ్యారు. 2018లో ఆయన తెరాస, ఆమె కాంగ్రెస్, మళ్ళీ పరకాలలోనే పోటీ. 2023లో ఆయన మీద గెలిచిన రేవూరి ప్రకాశ్ రెడ్డి కూడా ఒకప్పటి తెదేపా ఎమ్మెల్యేనే, ఈసారి కాంగ్రెస్ తరఫున.

నాయకులకి ఇది మామూలే. వాళ్ళ మధ్య పెద్ద పగలేమీ ఉండవు. మరి ఊళ్ళో కార్యకర్త సంగతేమిటి? నిన్నటిదాకా 'ఈయనకి ఎందుకు ఓటెయ్యకూడదు' అని చెప్పిన నోటితోనే ఇవాళ 'ఈయనకే వెయ్యండి' అని చెప్పాలి. ఒకసారి చెప్తాడు. రెండోసారి గొంతు తగ్గించి చెప్తాడు. మూడోసారి పత్తి సంచులు కుట్టుకుంటాడు.

భూపాలపల్లిలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ 2014లో గెలిచిన మధుసూదనాచారి తెలంగాణ తొలి స్పీకర్, పార్టీ పుట్టిన నాటి మనిషి. 2018లో ఆయన ఓడిపోయారు. గెలిచిన గండ్ర 2019లో తెరాసలోకి వచ్చారు, 2023లో టికెట్ కూడా ఆయనకే. మరి 2018లో కాంగ్రెస్‌కి ఓటేసిన వాళ్ళు కూడా ఆయన వెంట వచ్చారా? రాలేదు. 2023లో అదే భూపాలపల్లిలో కాంగ్రెస్ తరఫున గండ్ర సత్యనారాయణరావు గెలిచారు.

మన కంపెనీల్లో ఇది చూస్తూనే ఉంటాం. పోటీ కంపెనీ నుంచి పెద్ద జీతమిచ్చి ఒక వైస్ ప్రెసిడెంటుని తెస్తారు, ఆయనతోపాటు క్లయింట్లంతా వస్తారని ఆశ. ఆయనొక్కడే వస్తాడు. క్లయింట్లు పాతచోటే ఉంటారు. ఈలోగా మొదటి రోజు నుంచీ కోడ్ రాసినవాడికి కొత్త మేనేజరొచ్చాడు. అతను వెంటనే రాజీనామా చెయ్యడు. రోజూ ఆఫీసుకి వస్తాడు, చెప్పిన పని చేస్తాడు, ఐదున్నరకి లేస్తాడు. రాత్రి పదింటికి సర్వర్ పడిపోతే మాత్రం ఫోనెత్తడు. ఎదుటివాడి నాయకుణ్ణి తెచ్చుకోవచ్చు గానీ, ఎదుటివాడి ఓటుని తెచ్చుకోలేం. తెచ్చుకునే ప్రయత్నంలో మన ఓటుని అడిగేవాడు చేజారిపోతాడు.

ప్రభుత్వం తప్పులు లేవా?

ఉన్నాయి. పరీక్ష పేపర్ల లీకు 2023 మార్చిలో బయటపడింది. 2022 అక్టోబరులో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది, 2023 జూన్‌లో మళ్ళీ పెడితే అదీ కోర్టులో రద్దయింది. కాకతీయ యూనివర్సిటీ పిల్లలు ఉద్యమంలో ఏం అడిగారు? నీళ్ళు, నిధులు, నియామకాలు. మూడోది ఇలా అయింది. 2021 ఆగస్టులో హుజూరాబాద్ ఉపఎన్నిక ముందు దళితబంధు మొదలైంది, కుటుంబానికి పది లక్షలు. పొరుగు నియోజకవర్గంలో ఇచ్చారు సరే, మరి మాకెప్పుడు అనే ప్రశ్న ప్రతి ఊళ్ళోనూ లేచింది. ఆ ఉపఎన్నికలో తెరాస 23,855 ఓట్లతో ఓడిపోయింది కూడా. ధరణిలో భూమి ఒకరిదీ పేరొకరిదీ అయిన రైతులు ఎక్కే గడపా దిగే గడపా. 2023 అక్టోబరు 21న, పోలింగుకి నలభై రోజుల ముందు, మేడిగడ్డలో పిల్లర్లు కుంగాయి.

చిన్న ఉదాహరణ ఒకటి. హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రానికి 2014 సెప్టెంబరు 9న శంకుస్థాపన చేశారు, కాళోజీ శతజయంతి నాడు. తలుపులు తెరుచుకున్నది 2024 నవంబరు 19న, ప్రభుత్వం మారాక. పదేళ్ళు! ఊరికొచ్చినప్పుడల్లా ఆ సగం కట్టిన గోడలు చూసేవాణ్ణి. కాళోజీ పేరు మీద కట్టే ఇల్లే పూర్తికాకపోతే కార్యకర్త ఏమని సమాధానం చెప్పుకుంటాడు?

అయితే తప్పులు చెయ్యని ప్రభుత్వం లేదు. మనం గమనించాల్సింది ఒకటే. ఇలాంటివి 2018కి ముందూ ఉన్నాయి, అప్పుడు గెలిచింది కదా? అప్పుడు టీ కొట్టు దగ్గర ఎవరైనా నిలదీస్తే 'అది కాదన్నా, సంగతేందంటే' అని మొదలుపెట్టి వాదించేవాడు ఒకడుండేవాడు. 2023 నాటికి వాడు టీ తాగి మాట్లాడకుండా లేచి వెళ్ళిపోతున్నాడు. పైగా పేరులోంచి తెలంగాణ అన్న మాట తీసేశారు. దేశమంతా విస్తరించాలన్న ఆలోచన ఢిల్లీలో ఎలా వినిపించిందో తెలీదు గానీ, మా చిన్నాయన లాంటి వాళ్ళకి చేతిలో మిగిలిన ఆఖరి మాట కూడా అదే.

రాష్ట్రం మొత్తం లెక్కలు కూడా ఇదే చెప్తాయి. 2018లో 46.9 శాతం ఓట్లు, 88 స్థానాలు. 2023లో 37.35 శాతం, 39 స్థానాలు. కాంగ్రెస్‌కి 39.40 శాతం, తేడా రెండు శాతమే. అక్కడిదాకా అది మామూలు ఓటమి. కానీ ఆరు నెలలు తిరక్కుండా 2024 పార్లమెంటు ఎన్నికల్లో 16.7 శాతం, 17 స్థానాల్లో ఒక్కటీ రాలేదు. ఆరు నెలల్లో పాలన మీద కొత్త కోపం రావడానికి అసలు పాలనే చేతిలో లేదు కదా. అధికారం ఉందని వచ్చినవాళ్ళు అధికారంతోపాటే పోయారు. వరంగల్ జిల్లాలో 2023లో గెలిచిన ఇద్దరు బీఆర్ఎస్ ఎమ్మెల్యేల్లో ఒకరు, కడియం శ్రీహరి, 2024 మార్చి చివరికల్లా కాంగ్రెస్ పక్షాన ఉన్నారు.

లేచినవాళ్ళు, లేవనివాళ్ళు

మరి ఇలా పడినవాళ్ళు లేవగలరా? మూడు ఉదాహరణలు జిల్లాలోవే ఉన్నాయి.

మొదటిది తెరాసే. 2008లో రాజీనామాలు చేసి ఉపఎన్నికలకి పోతే 16 అసెంబ్లీ స్థానాల్లో 7 మాత్రమే నిలిచాయి. హనుమకొండ పార్లమెంటు స్థానం నిలిచింది, వరంగల్ పోయింది. 2009లో తెదేపాతో కూటమి కట్టినా రాష్ట్రం మొత్తం మీద వచ్చినవి 10. పార్టీ పని అయిపోయిందనే అన్నారందరూ. ఆ నవంబరు 29న కేసీఆర్ దీక్ష, డిసెంబరు 9న కేంద్రం ప్రకటన, అది వెనక్కి పోవడం. 2010 జులై ఉపఎన్నికల్లో పోటీ చేసిన 11 స్థానాలూ గెలిచింది. కార్యకర్త దగ్గర ఒక్క మాట ఉంది, ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు. అప్పుడు వేరే పార్టీల నుంచి మనుషుల్ని తెచ్చుకోవాల్సిన పని పెద్దగా పడలేదు.

రెండోది కాంగ్రెస్. 2018లో 19 మంది గెలిస్తే 2019లో 12 మంది తెరాసలో విలీనమైపోయారు. అసెంబ్లీలో ప్రతిపక్ష హోదా కూడా పోయింది. కానీ ఎమ్మెల్యేలు పోయినా ఊళ్ళో పాత కాంగ్రెస్ ఇళ్ళు అక్కడే ఉన్నాయి. లాక్‌డౌన్ రోజుల్లో బియ్యం మూటలు పట్టుకుని సీతక్క ములుగు గూడేలకి నడిచి వెళ్ళడం ఆ ఇళ్ళన్నీ చూశాయి. 2022 మే 6న హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో రాహుల్ గాంధీ సభ పెట్టి వరంగల్ డిక్లరేషన్ ప్రకటించారు, రెండు లక్షల దాకా రుణమాఫీ. నచ్చినా నచ్చకపోయినా అది ఓటు అడిగేవాడి చేతికి ఇచ్చిన ఒక మాట. (ఆ మాట ఎంతవరకు నిలబెట్టుకున్నారన్నది 2028లో ఆ అడిగేవాణ్ణే అడుగుతారు, అది వేరే కథ.)

మూడోది తెదేపా, లేవని ఉదాహరణ. కడియం, ఎర్రబెల్లి, రేవూరి, సీతక్క, చల్లా, చందూలాల్... జిల్లాలో ఎవరి పేరు ఎత్తినా మూలం తెదేపాలోనే తేలుతుంది. అంత పెద్ద స్కూలు అది. 2008లో తెలంగాణకి సరే అంది, 2009 డిసెంబరులో ప్రకటన రాగానే తడబడింది. ఆ రోజు నుంచి ఊళ్ళో తెదేపా కార్యకర్త చెప్పడానికి మాట లేక ఇంట్లో కూర్చున్నాడు. 2014లో జిల్లాలో రెండు స్థానాలు గెలిచింది నాయకుల బలం మీద. ఆ నాయకులు వెళ్ళిపోయాక ఇక ఏమీ లేదు. 2023లో తెలంగాణలో అసలు పోటీయే చెయ్యలేదు.

రాష్ట్రం బయట చూసినా రెండు దారులే. ఉద్యమంలోంచి పుట్టిన అసోం గణ పరిషత్ 1985లో ఒప్పందం కాగానే అధికారంలోకొచ్చింది, 1991లో ఓడింది, 1996లో మళ్ళీ గెలిచింది, 2001లో ఓడాక మరి సొంతంగా లేవలేదు. ఇప్పుడు భాజపా పక్కన చిన్న భాగస్వామి. తమిళనాడులో డీఎంకే కథ వేరు. ఎంజీఆర్ కాలంలో 1976 నుంచి 1989 దాకా పదమూడేళ్ళు అధికారం లేదు. 1991లో మరీ ఘోరంగా రెండే స్థానాలొచ్చాయి, 1996లో మళ్ళీ ప్రభుత్వం. ఊరి శాఖ, దానికో కార్యదర్శి, వాళ్ళకి పార్టీలో ఎన్నికలు, ఇవి నడుస్తూనే ఉన్నాయి. అధికారం లేనప్పుడు కూడా పార్టీలో ఒక పని, ఒక హోదా ఉన్నవాడు ఇల్లు వదిలిపోడు.

ఏం చెయ్యొచ్చు

బీఆర్ఎస్ నన్ను సలహా అడగలేదు, అడగదు కూడా. అయినా లాగ్ చదివాక ఫిక్స్ రాయకపోతే మనకి నిద్రపట్టదు కదా.

ఒకటి. గ్రామ కమిటీ నుంచి పైదాకా పార్టీలో నిజమైన ఎన్నికలు పెట్టాలి. పైనుంచి పేర్లు పంపడం కాదు. 2025 ఏప్రిల్ 27న ఎల్కతుర్తిలో రజతోత్సవ సభ పెట్టారు, జనం బాగానే వచ్చారు. ఆ సభ బాగోగుల మీద కవిత తండ్రికి రాసిన లేఖ మేలో బయటికొచ్చింది, సెప్టెంబరులో ఆమె సస్పెండయ్యారు. తప్పెవరిదో తేల్చడం నా పని కాదు. కానీ సభ ఎలా జరిగిందో చెప్పడానికి సొంత కూతురికే లేఖ రాయాల్సి వచ్చిన చోట, ఊళ్ళో కార్యకర్త తన మాట ఎవరికి చెప్పుకోవాలి?

రెండు. తలుపు సంగతి తేల్చుకోవాలి. గాలి మళ్ళితే 2024లో పోయినవాళ్ళలో కొందరు తిరిగొస్తారు, వరంగల్ చరిత్ర చూస్తే అందులో అనుమానమేం లేదు. రానివ్వొచ్చు. కానీ ఉన్నవాడి నెత్తిమీదికి కాదు, ఉన్నవాడి వెనక వరసలోకి.

మూడు. తప్పులు పేరు పెట్టి ఒప్పుకోవాలి. 'ప్రజలు మోసపోయారు' అని ఓడిన ప్రతి పార్టీ అంటుంది. ఆ మాటతో ఓటు అడగబోతే ఎదుటివాణ్ణి ముందు తెలివితక్కువవాడు అన్నట్టు. 'గ్రూప్-1లో మేం పిల్లలకి అన్యాయం చేశాం, ఇకముందు ఇలా జరగకుండా ఇదీ పద్ధతి' అనడం కష్టమే. కానీ టీ కొట్టు దగ్గర అది పనికొచ్చే మాట.

నాలుగు. అన్నిటికన్నా కష్టమైనది. కొత్త మాట వెతుక్కోవాలి. పేరులో తెలంగాణ తిరిగి పెట్టుకోవడం మంచిదే, అదొక్కటే సరిపోదు. 2028లో మొదటిసారి ఓటేసే పిల్లలు 2010 ప్రాంతంలో పుట్టినవాళ్ళు. డిసెంబరు 9 వాళ్ళకి పాఠ్యపుస్తకంలో ఒక తేదీ. రాష్ట్రం ఎందుకు కావాలో చెప్పి గెలిచిన పార్టీ, వచ్చిన రాష్ట్రంలో హనుమకొండ పిల్లవాడికి హైదరాబాద్ బస్సెక్కకుండా ఉద్యోగం ఎలా వస్తుందో చెప్పాలి. మడికొండలో 2020లో రెండు ఐటీ క్యాంపస్‌లు తెరిచినప్పుడు నాలాంటి వాళ్ళం చాలా ఆశపడ్డాం. ఆ దారిలో మిగిలిన మైళ్ళ గురించి మాట్లాడినా చాలు.

ఇక చెయ్యకూడనిది ఒకటుంది. 1971ని గుర్తుపెట్టుకోమన్నాను కదా. గెలిచిన ప్రజాసమితే పెద్ద పార్టీలో కలిసిపోతే దాని ఓటరు ముప్పై ఏళ్ళు అనాథ అయ్యాడు. కష్టకాలంలో పెద్ద నీడ చల్లగానే ఉంటుంది. ఆ నీడలో మన చెట్టు మాత్రం పెరగదు.

2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలప్పుడు మళ్ళీ ఊరికెళ్ళాను. అవి పార్టీ గుర్తుల్లేని ఎన్నికలు. చిన్నాయన ఇంట్లో లేడు. పొద్దుగూకాక వచ్చాడు, చెప్పుల నిండా దుమ్ము, గొంతు బొంగురు. సర్పంచికి నిలబడ్డ ఒక పిల్లవాడి కోసం నాలుగు రోజులుగా ఇంటింటికీ తిరుగుతున్నాడట.

"ఈసారి అడుగుతున్నవా చిన్నాయనా?" అన్నాను.

"అడుగుతున్న బిడ్డా. గెలిచినా ఓడినా వాడు రేపు మన ఇంటి ముందట్నుంచే పోవాలె. ఏందిరా అంటే ఆగి జెప్తడు."

ఆ పిల్లవాడిది ఏ పార్టీ అని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.